కమాను కట్టలు మార్చే ముందు కాలువ కట్టను చూడాలి

విజయవాడ: 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో నానింది. ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. వీధుల్లో కార్లు మునిగిపోగా పడవలు, ట్రాక్టర్లు తిరిగాయి. ఆ రోజులు చూసినవారికి తమ జీపునో, జిప్సీనో మరో జానెడు పైకి లేపితే బాగుండునని అనిపిస్తే వింత లేదు. వానాకాలంలో నల్లరేగడి డొంకలో దిగబడిన రైతుకూ, మేత బస్తాలతో చేపల చెరువు గట్టు మీద జారిన ఆసామికీ ఈ ఆలోచన కొత్తది కాదు.

నాలుగు చక్రాలూ లాగే చిన్న బండ్లు డెల్టాకు పరిచయమైనవే. పాత మహీంద్రా జీపులు సరే, 1985 చివర్లో వచ్చిన మారుతీ జిప్సీ 2019 దాకా తయారైంది. 2023 జూన్‌లో జిమ్నీ వచ్చింది. జిప్సీకి నాలుగు మూలలా కమాను కట్టలు. జిమ్నీకి చుట్టల స్ప్రింగులు. రెండింటికీ నేలనుంచి ఉన్న ఖాళీ 210 మిల్లీమీటర్లే, అంటే సుమారు ఎనిమిదింపావు అంగుళాలు.

లారీల బాడీలకు పేరుపడిన విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ల పనికి మనుషులు, సామాను కొరత లేదు. రెండంగుళాలు కావాలంటే రెండు, అయిదు కావాలంటే అయిదు అంగుళాలు లేపి ఇస్తారు. ఎంత లేపాలో మాత్రం బండి యజమాని తేల్చుకుని వెళ్ళాలి. చిక్కంతా అక్కడే ఉంది.

కమాన్లు పెంచితే పైకి లేచేది ఛాసిస్, దానిమీది బాడీ. ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. ఇరుసు మధ్య గుండులా ఉండే క్రౌను హౌసింగ్ ఒక్క అంగుళం కూడా లేవదు. ట్రాక్టర్లు తిరిగిన డొంకలో రెండు గాళ్ళ నడుమ మిగిలే మట్టికట్టకు మొదట తగిలేది ఆ గుండే. అది తగిలి బండి ఆగిపోతే, పైన బాడీ ఎంత ఎత్తున ఉన్నా ప్రయోజనం లేదు.

ఇరుసును పైకి లేపగలిగేది టైరు ఒక్కటే. అందులోనూ పెరిగిన ఎత్తులో సగమే దక్కుతుంది. జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80, 15 అంగుళాల టైరు నిలువు కొలత సుమారు 693 మిల్లీమీటర్లు. దాని బదులు 235/75 వేస్తే 733 అవుతుంది. టైరు 40 మిల్లీమీటర్లు పెరిగితే ఇరుసు లేచేది 20 మాత్రమే. పెద్ద టైరు వేస్తే ఇంజను లాగుడు తగ్గుతుంది, స్పీడు మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. టైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా ఉండాలంటే బాడీ కొంచెం లేవాలి. కమాన్లు పెంచడానికి సరైన కారణాల్లో ఇదొకటి. రెండోది, కాలువ కట్ట ఎక్కే దిగే నిటారు దారుల్లో బంపరు, బండి కడుపు నేలకు తగలకుండా ఉండటం. ఈ రెండింటికీ రెండంగుళాలు చాలు.

ఇక బురద సంగతి. తడిసిన రేగడి మన్ను టైరు గాడుల్లో నిండిందంటే చక్రం గుండ్రటి మట్టిముద్దయి తిరుగుతుంది. ఎత్తు దాన్ని మార్చలేదు. వెడల్పు గాడుల మడ్ టైరు కొంత మార్చగలదు. దమ్ముకు దిగే ట్రాక్టరుకు రైతు చేసేది ఏమిటి? దమ్ము చక్రాలు వేస్తాడు గాని ట్రాక్టరును పైకి లేపడు కదా! ఇసుకలోనైతే టైరులో గాలి 18 పౌన్ల దాకా తగ్గించడమే మంచి ఉపాయం. రోడ్డెక్కగానే మళ్ళీ గాలి నింపాలి.

లేపే పద్ధతులన్నీ ఒకటి కావు. పొడవు షాకిళ్ళు వేయడం అన్నిటికంటే చవక. రెండంగుళాల పొడవు పెంచితే బండి లేచేది ఒక అంగుళమే. ముందు ఇరుసు కోణం మారి స్టీరింగు తిన్నగా రావడం మానేస్తుంది. కమానుకు, ఇరుసుకు మధ్య దిమ్మలు పెట్టడం మరొకటి. వెనుక ఇరుసుకు ఫరవాలేదనుకున్నా ముందు ఇరుసుకు పెడితే బ్రేకు వేసినప్పుడు ప్రాణాపాయం. జిప్సీకి ఇరుసు కింద ఉండే కమాన్లను ఇరుసుమీదికి మార్చడం ఇంకొకటి. ఒక్కసారిగా అయిదంగుళాల దాకా లేస్తుంది. కుర్రకారుకు మోజు దీనిమీదే. కాని జాయింట్ రాడ్డు ఏటవాలై క్రాసులు అరిగిపోతాయి. స్టీరింగు రాడ్లు, బ్రేకు పైపులు, షాకబ్జర్లు అన్నీ మార్చుకోవాలి. అవేవీ చేయకుండా బండి బయటికి తెచ్చేవారూ ఉన్నారు.

మంచి పద్ధతి ఒక్కటే. వంపు కాస్త ఎక్కువగా ఉన్న కొత్త కమాను కట్టలు, వాటికి సరిపోయే పొడవు షాకబ్జర్లు, కొత్త బుష్షులు వేయించుకోవడం. పాత కట్టలోకి ఒక పట్టీ దూర్చి పని కానిస్తే బండి లేస్తుంది గాని ఖాళీగా ఉన్నప్పుడు ఎగిరెగిరి పడుతుంది. చాలా జిప్సీల్లో పాత కమాన్లు కూలబడి ఉంటాయి. కొత్తవి కంపెనీ కొలతకే వేసినా పోయిన ఎత్తు తిరిగి వస్తుంది. అదే చాలునేమో మొదట చూడటం మంచిది. జిమ్నీకి పొడవు స్ప్రింగులు వేస్తే ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. దాన్ని సరిచేసే అడ్డ రాడ్డు కూడా వేయించాలి.

డెల్టాలో అసలు భయం కాలువ కట్ట. బందరు కాలువైనా, ఏలూరు కాలువైనా, ఊళ్ళలోకి పోయే పిల్ల కాలువలైనా దారి కట్టమీదే, ఒక పక్క నీళ్ళే. ఎండుగడ్డి ఎత్తుగా వేసిన బండి కట్టమీద ఎంత తొందరగా ఒరుగుతుందో డెల్టా రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ చిన్న బండ్లు అసలే పొట్టి, ఇరుకు. అయిదంగుళాలు లేపి, పైన క్యారియరు మీద సామాను కట్టి, లోపల పెళ్ళాం పిల్లలను ఎక్కించుకుని ఎదురొచ్చే ట్రాక్టరుకు దారి ఇవ్వడానికి ఒక చక్రం కట్ట అంచుకు దించితే పర్యవసానం ఊహించవచ్చు.

వరద నీటికైతే ఎత్తు కొంతవరకే పనికొస్తుంది. పారే నీరు రెండడుగులుంటే చాలా కార్లను తేల్చేస్తుంది. ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి నీరు వెళ్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. తప్పనిసరిగా నీటిలో దిగేవారు ముందు చేయవలసిన చిన్న పని ఒకటుంది. ఇరుసులకు గాలి ఆడే బ్రీదర్లకు రబ్బరు గొట్టాలు తగిలించి పైకి తేవాలి. వేడి హౌసింగ్ చన్నీటిలో మునిగి చల్లబడితే ఆ రంధ్రంగుండా నీటిని లోపలికి పీల్చుకుంటుంది, నూనె చెడుతుంది. దీనికయ్యే ఖర్చు కమాన్ల ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

చట్టం మాట కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టడానికీ అవకాశం దొరుకుతుంది. అందుచేత ఆటోనగర్ వెళ్ళే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగడం తప్పనిసరి. కూలబడిన కమాన్ల స్థానంలో అదే కొలత కొత్తవి వేయించుకునేవారికి ఈ బెడద లేదు.

పని పూర్తయ్యాక డబ్బు చెల్లించే ముందు బండిని ఛాసిస్ దగ్గర జాకీతో లేపించి, చక్రాలు వేలాడుతుండగా స్టీరింగును రెండు పక్కలా చివరిదాకా తిప్పించాలి. బ్రేకు పైపు ఎక్కడా బిగదీసుకోరాదు. 500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులన్నీ మళ్ళీ బిగించాలి. కొత్త కమాన్లు సర్దుకునేటప్పుడు అవి వదులవుతాయి.