పాత వస్తువుల బేరములో చిక్కులు

ఇంటిలో వాడుక తగ్గిన వస్తువును వేరొకరికి అమ్ముట కొత్త ఆచారము కాదు. పూర్వము ఇరుగుపొరుగువారికో, చుట్టములకో, పాతసామానుల దుకాణమునకో అమ్మెడివారు. నేడు ఆ వస్తువును ఫొటో తీసి, నాలుగు మాటలు వ్రాసి, ఇంటర్నెట్టు ప్రకటనలలో పెట్టుచున్నారు. అమెరికాలో 1995లో క్రెయిగ్స్‌లిస్టు ప్రారంభమైనది. 2006లో ఓఎల్ఎక్స్, 2008లో మన దేశమున క్వికర్ బయలుదేరినవి. అటుపిమ్మట ఈ పద్ధతి పట్టణములనుండి పల్లెలవరకు ప్రాకినది.

ప్రకటన పెట్టుట సులభమే కాని వస్తువు అమ్ముడగుట అంత సులభము కాదు. రిఫ్రిజిరేటరు అమ్మజూపిన గృహస్థునకు ఒక్క సాయంత్రములోనే పాతిక విచారణలు రావచ్చును. "ఇంకను ఉన్నదా?" అని అడిగి, "ఉన్నది" అనగానే మౌనము వహించువారు కొందరు. వస్తువును చూడకయే "ఆఖరు ధర చెప్పండి" అనువారు కొందరు. పండ్రెండువేలకు పెట్టినదానిని అయిదువేలకు అడుగువారు మరికొందరు. ఆదివారము ఉదయము వత్తుమని చెప్పి, మధ్యాహ్నము వరకు ఇంటివారిని కదలనీయక, తుదకు రానివారును కలరు. ఇట్లు విసిగి వేసారిన యజమాని ఆ వస్తువును ఒక మూలకు నెట్టుటయో, ఇనుపసామాను కొనువానికి తూకమునకు వేయుటయో జరుగును. బాగుగా పనిచేయు వస్తువు ఈ విధముగ వ్యర్థమగుట అమ్మువానికే కాక, దాని అవసరముండియు కొత్తది కొనజాలని కుటుంబమునకు కూడ నష్టమే.

లోకములో మర్యాద తగ్గుటయే దీనికి కారణమని పలువురు తలచుదురు. కాని ఈ చిక్కులలో పెక్కింటికి మంచివారు సైతము లోబడుదురు. వాని మూలము మనుష్యుల గుణములో కంటె బేరము జరుగు పద్ధతిలోనే ఎక్కువగా ఉన్నదని అర్థశాస్త్రము, మనస్తత్వశాస్త్రము తెలుపుచున్నవి.

కంటికి కనబడని గుణము

హైదరాబాదులో ఆబిడ్సు పేవుమెంట్లమీద ఆదివారములందు పాతపుస్తకములు అమ్ముదురు. కొనువాడు పుస్తకము తెరచి, పుటలు చినిగినవేమో, అట్ట ఊడినదేమో తానే చూచుకొనును. అమ్మువానికి తెలిసి కొనువానికి తెలియని దోషము పుస్తకములో దాదాపు ఉండదు. అందుచే బేరము త్వరగా తెగును.

పశువుల సంతలో పని ఇంతకంటె కష్టము. ఎద్దు వయస్సును యజమాని మాటనుబట్టి ఎవరును నిర్ణయింపరు. నోరు తెరచి పళ్ళు చూతురు. సుమారు రెండేండ్ల ప్రాయమున ముందరి పాలపళ్ళలో నడిమి జత ఊడి, శాశ్వతమైన రెండు పళ్ళు వచ్చును. పిమ్మట ఒక్కొక్క జతయే మారుచు, నాలుగైదేండ్లకు ఎనిమిది పళ్ళును పూర్తియగును. రెండు పళ్ళ గిత్త, ఆరు పళ్ళ గిత్త అను మాటలు ఇందుండి వచ్చినవే. పళ్ళు చూచిన తరువాత నడిపించి చూతురు, కాడికి కట్టి చూతురు. అయినను దుక్కిలో మొరాయించు స్వభావము సంతలో బయటపడకపోవచ్చును.

ఇక చేతిఫోను సంగతి. అందలి లిథియం-అయాన్ బ్యాటరీని ఛార్జి చేసి వాడినకొలది, దాని ఋణధ్రువము మీద ఒక పలుచని పొర పెరుగుచు, కొంత లిథియమును తనలో బంధించివేయును. అంతమేరకు బ్యాటరీ నిలువచేయగల విద్యుత్తు తగ్గును. పైనున్న అద్దము మాత్రము మెరయుచునే యుండును. ఒకసారి నీటిలో పడి ఆరిన ఫోను, గ్యాసు కారుచున్న రిఫ్రిజిరేటరు కూడ ఫొటోలో నిక్షేపముగనే కనబడును. ఈ రహస్యము అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. ఇరుపక్షముల తెలివిడిలో గల ఈ హెచ్చుతగ్గునే సమాచార వైషమ్యము అందురు.

నిమ్మకాయల సంత

ఈ వైషమ్యము వలన సంతకు ఏమి సంభవించునో జార్జి అకెర్లాఫ్ అను అమెరికను అర్థశాస్త్రజ్ఞుడు 1970లో ఒక వ్యాసములో నిరూపించెను. కొన్న తరువాత లోపము బయటపడిన కారును అమెరికావారు వాడుకభాషలో "నిమ్మకాయ" అందురు. ఆయన తన వ్యాసమునకు ఆ పేరే పెట్టెను. విషయము మరీ అల్పమైనదని ఒకటికి మించిన పత్రికలు మొదట దానిని తిరుగగొట్టినవి. తరువాత 2001లో మైకేల్ స్పెన్సు, జోసెఫ్ స్టిగ్లిట్జులతోపాటు ఆయనకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఆయన వాదమును ఒక చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. ఒకే రకపు పాత ఫోనులు అయిదు అమ్మకమునకు వచ్చినవనుకొందము. వాని నిజమైన విలువలు వరుసగా 2,000, 4,000, 6,000, 8,000, 10,000 రూపాయలు. ఏది ఎంతటిదో యజమానులకు తెలియును. కొనువానికి మాత్రము అయిదును ఒకే తీరుగ కనబడును. అందుచే అతడు సగటు చూచుకొని 6,000 రూపాయలకు మించి ఇయ్యనని నిశ్చయించుకొనును. అంతట 8,000, 10,000 విలువగల ఫోనుల యజమానులు తమ ప్రకటనలు తీసివేయుదురు. మిగిలిన మూడింటి సగటు 4,000. ఈ సంగతి గ్రహించి కొనువాడు ధర దించగా, 6,000 విలువగల ఫోను కూడ వెడలిపోవును. తక్కిన రెంటి సగటు 3,000. అప్పుడు 4,000 విలువగలదియు తప్పుకొనును. తుదకు అన్నిటిలోను అధమమైన ఫోను ఒక్కటియే సంతలో నిలుచును.

వాస్తవమున సంత ఇంత సంపూర్ణముగ కూలిపోదు. కొనువానికి వస్తువు అవసరము హెచ్చుగా నుండుట వలనను, తెలిసినవారి హామీలు, సంస్థల పూచీలు కొంత ఆదుకొనుట వలనను బేరములు సాగుచునే యున్నవి. అయినను ఒరవడి ఇదియే. సగము ధరకు అడుగువాడు అమ్మువానిని అవమానించుటలేదు. కనబడని లోపమునకు ముందుగనే కొంత మినహాయించుకొనుచున్నాడు. ఈ మినహాయింపు భారము లోపము లేని వస్తువుమీద కూడ పడుటయే ఇందలి అన్యాయము.

తనదైన వస్తువు, పరునిదైన వస్తువు

ధర కుదరకపోవుటకు రెండవ కారణము అమ్మువాని మనస్సులోనే యున్నది. డేనియల్ కానెమాన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనువారు కాఫీ కప్పులతో చేసిన పరీక్షలను 1990లో ప్రకటించిరి. విద్యార్థులలో సగముమందికి ఒక్కొక్క కప్పు ఉచితముగా ఇచ్చి, ఎంతకు అమ్ముదురని అడిగిరి. కప్పు లేనివారిని ఎంతకు కొందురని అడిగిరి. కప్పు చేతికి వచ్చి కొద్ది నిమిషములే అయినను, ఒక పరీక్షలో అమ్మువారు కోరిన మధ్యస్థ ధర 5 డాలర్ల 25 సెంట్లు. కొనువారు ఇయ్యజూపినది అందులో ఇంచుమించు సగము మాత్రమే.

చేతిలోనిది పోవునపుడు కలుగు బాధ, అట్టిదే క్రొత్తగా వచ్చునపుడు కలుగు సంతోషము కంటె అధికముగా నుండుటయే దీనికి కారణమని వారు వివరించిరి. నిమిషముల క్రిందట వచ్చిన కప్పు విషయమే ఇట్లున్నచో, పదేండ్లు ఇంటిలో మెలగిన కుట్టుమిషను సంగతి చెప్పనక్కరలేదు. యజమాని దాని కొన్న ధరను, దానితో కుట్టిన బట్టలను తలచుకొనును. కొనువాడు అది ఇకముందు ఎన్నేండ్లు పనిచేయునని మాత్రమే ఆలోచించును. ఇరువురును న్యాయముగనే లెక్కించుచున్నారు, కాని వేర్వేరు సంగతులను లెక్కించుచున్నారు.

ఖర్చులేని విచారణ

వార్తాపత్రికలో ప్రకటన వేయుటకు పంక్తికి ఇంతయని సొమ్ము చెల్లింపవలెను. దానిని చూచినవాడు కార్డు వ్రాయుటకో, బస్సెక్కి వచ్చుటకో కొంత వ్యయపడవలెను. అంత వ్యయమునకు సిద్ధపడినవాడు నిజముగ కొనదలచినవాడే అయియుండును. ఆ వ్యయమే ఒక జల్లెడవలె పనిచేసెడిది.

ఫోనులో ఒక మీట నొక్కి పంపు విచారణకు ఖర్చు లేదు గనుక ఆ జల్లెడ పోయినది. ఒక మంచము కావలసినవాడు ఇరువదిమందికి "ఉన్నదా?" అని పంపును. అతడు కొనునది ఒక్క మంచమే. అతడు ఎంత మంచివాడైనను తక్కిన పందొమ్మిదిమందికి నిరాశ తప్పదు. ఆ ఇరువదిమందిలో ప్రతి ఒక్కరికిని ఇట్టివారు ఇరువదిమంది తగిలినచో, ఇరువది విచారణలకు ఒక్క బేరము కుదురుటయే లెక్క ప్రకారము న్యాయము. వత్తునని రానివాడు కూడ పెక్కుసార్లు దారిలో ఇంకొకచోట బేరము కుదుర్చుకొన్నవాడే. రానని చెప్పుటకు ఖర్చు లేకున్నను, చెప్పకున్నచో అతనికి కలుగు నష్టము కూడ లేదు.

మోసగానికి దొరకు సందు

సమాచార వైషమ్యము అన్నివేళల అమ్మువానికే అనుకూలము కాదు. వస్తువు విషయములో అమ్మువానికి ఎక్కువ తెలియును. కాని ఎదుటివాడెవరో, సొమ్ము ఎట్లు చేరునో అను విషయములో మోసగానికే ఎక్కువ తెలియును. 2016లో యూపీఐ చెల్లింపులు ప్రారంభమైన పిమ్మట ఒక మోసము తరచుగా వినవచ్చుచున్నది. కొనువానివలె నటించువాడు బేరమాడకయే అడిగిన ధరకు ఒప్పుకొనును. తాను సైన్యములో ఉద్యోగినని, దూరమున నున్నానని, బయానా ఇప్పుడే పంపుచున్నానని చెప్పును. తరువాత ఒక క్యూఆర్ కోడు పంపి, దానిని స్కాను చేసి పిన్ను నొక్కినచో సొమ్ము వచ్చునని నమ్మించును. పిన్ను నొక్కగానే సొమ్ము వచ్చుటకు మారు పోవును.

ఇచ్చట తెలియవలసినది ఒక్కటియే. పిన్ను అనగా తన ఖాతానుండి సొమ్ము తీయుటకు యజమాని బ్యాంకుకు ఇచ్చు అనుమతి. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కరలేదు, స్కాను చేయుటయు అక్కరలేదు. మోసపోయినవారు ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను. సొమ్ము ఇతర ఖాతాలకు మారకమునుపే ఆపుటకు అవకాశము అప్పుడే ఎక్కువ.

చిక్కులు తగ్గు మార్గము

మూలకారణము తెలిసినచో నివారణోపాయము కూడ తోచును. అమ్మువానికి తెలిసినది కొనువానికి కూడ తెలియవలెను, అదియు అతడు స్వయముగ పరీక్షించుకొనదగిన రూపములో తెలియవలెను. "చాలా బాగున్నది" అను మాట చెడిన వస్తువు యజమాని కూడ వ్రాయగలడు గనుక దానికి విలువ లేదు. కొన్న తేదీ గల బిల్లు, రిపేరు రశీదులు, ఫోను సెట్టింగులలో కనబడు బ్యాటరీ సామర్థ్యము, పెట్టెమీది ఐఎంఈఐ సంఖ్యయు ఫోనులోని సంఖ్యయు ఒకటియగుట, ఇవి విలువగల సాక్ష్యములు. రిఫ్రిజిరేటరును కడిగి తుడిచి ఆపియుంచుట కంటె, మంచు కట్టుచుండగా చూపుట మేలు. గీతపడిన చోటును ముందుగనే ఫొటో తీసి పెట్టినచో ధర కొంత తగ్గవచ్చును గాని, మిగిలిన మాటలకు నమ్మకము కలుగును.

ఏ హామీకి బలముండునో మైకేల్ స్పెన్సు 1973లో వివరించెను. మంచి సరుకు గలవానికి సులభముగను, చెడ్డ సరుకు గలవానికి భారముగను ఉండు చిహ్నమే నమ్మదగినది. "వారము దినములు వాడి చూడండి, పనిచేయకున్న సొమ్ము తిరిగి ఇత్తును" అను మాట అట్టిది. చెడిన వస్తువు యజమాని ఆ మాట అని నిలువజాలడు. మంచిపేరు కూడ ఇట్టిదే. ఈబే అను అమ్మకపు వేదికలో పాత పోస్టుకార్డులతో జరిపిన ఒక పరీక్ష 2006లో ప్రకటింపబడినది. ఒకే రకపు కార్డులకు, పేరు లేని కొత్త అమ్మకందారు కంటె పేరుపొందిన అమ్మకందారునకు కొనువారు సుమారు 8 శాతము అధికముగా ఇయ్య సిద్ధపడిరి.

ధర నిర్ణయించునపుడు ఆ వస్తువుతో సంబంధము లేని పొరుగువానిని అడుగుట మంచిది. అతడు చెప్పినది కొనువాని అంచనాకు దగ్గరగ నుండును. విచారించినవారిలో ముందు వచ్చి చూచినవానికే వస్తువు అని ప్రకటనలోనే వ్రాసినచో, వత్తుమన్న మాటకై ఇల్లు కదలక కూర్చుండు బాధ తప్పును. ఒక నిర్ణీతమైన గంట చెప్పి, బయలుదేరునపుడు ఫోను చేయుమనుట పోయిన జల్లెడను కొంతవరకు తిరిగి నిలుపుటయే.

అమ్మిన పిమ్మట కూడ రెండు జాగ్రత్తలు కలవు. ఫోనులోని ఫొటోలను ఒక్కొక్కటిగ చెరిపినంత మాత్రమున అవి వెంటనే నశింపవు. ఖాతాలనుండి వైదొలగి, ఫోనును మొదటి స్థితికి తెచ్చు ఏర్పాటును ఉపయోగింపవలెను. ఇటీవలి ఫోనులలో సమాచారము గుప్తలిపిలో నుండును గనుక, ఈ పనితో దాని తాళపుచెవి నశించి, సమాచారము చదువుటకు వీలుకాకుండపోవును. వాహనమైనచో యాజమాన్యపు మార్పును రవాణా కార్యాలయములో నమోదు చేయించువరకు పని ముగిసినట్లు కాదు. రిజిస్ట్రేషను ఎవరి పేర ఉన్నదో, ప్రమాదము జరిగినపుడు చట్టము దృష్టిలో వారే యజమాని అని సుప్రీముకోర్టు 2018లో స్పష్టపరచినది.

అకెర్లాఫ్ తన వ్యాసములో మన దేశపు వడ్డీవ్యాపారులను కూడ ఉదాహరించెను. అప్పు అడుగువాని గుణగణములు ఎరిగిన స్థానిక వ్యాపారి ధైర్యముగా ఇయ్యగలడు, ఎరుగని పైవాడు ఇచ్చినచో నష్టపడును. పాత వస్తువు చుట్టములలోను, సహోద్యోగులలోను సులభముగ అమ్ముడగుటకును ఈ ఎరుకయే కారణము. ఇంటర్నెట్టు కొనువారి సంఖ్యను వేలరెట్లు పెంచినది గాని ఎరుకను పెంచలేదు. ఆ కొరతను తీర్చువరకు బిల్లు, పరీక్ష, హామీ అను ఈ మూడింటిని వెంటనుంచుకొని బేరమునకు దిగుట అమ్మువానికిని కొనువానికిని క్షేమకరము.