ఒండ్రు కట్టిన నిల్వలు: కృష్ణా-గోదావరి ద్రోణిలో చమురు, వాయువు, భూగర్భజలం

వ్యాససంగ్రహం

భూగర్భంలో చమురు, సహజవాయువు, నీరు ఎక్కడ నిలుస్తాయి, ఎంత సులభంగా బయటికి వస్తాయి అనే విషయాలను అక్కడి అవక్షేపాల స్వభావమే నిర్ణయిస్తుంది. రేణువుల పరిమాణం, అవి పేరుకున్న క్రమం, ఆ తరువాత వాటిపై పడిన బరువు ఇందులో ముఖ్యమైనవి. ఈ సూత్రాన్ని కృష్ణా-గోదావరి అవక్షేప ద్రోణి ఆధారంగా వివరించడం, నిల్వలను కట్టిన అవక్షేపమే ఆనకట్టల వెనుక పూడికగా మారినప్పుడు కలిగే పర్యవసానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అవక్షేపం, రంధ్రత, పారగమ్యత, కృష్ణా-గోదావరి ద్రోణి, భూగర్భజలం, పూడిక.

1. ఉపోద్ఘాతం

నది మోసుకొచ్చే మట్టికి తెలుగు రైతు వాడుకలో అది పడిన చోటును బట్టి పేరు మారుతుంది. వరద తీశాక పొలంలో సన్నని మట్టి మిగిలితే అది ఒండ్రు. ఇసుక పేరుకుంటే మేట. చెరువులోనో జలాశయంలోనో చేరితే పూడిక. ఒండ్రు పైరుకు బలం, మేట పొలానికి నష్టం, పూడిక చెరువుకు చేటు. భూవిజ్ఞానం ఈ మూడింటినీ కలిపి అవక్షేపం అంటుంది. అయితే రైతు గుర్తించిన భేదం భూగర్భంలోనూ వర్తిస్తుంది. ఏ రేణువు ఎక్కడ పడిందన్న దానిని బట్టే అక్కడ నిల్వకు చోటు ఏర్పడడమో, ఉన్న చోటు పూడిపోవడమో జరుగుతుంది.

చమురు భూమి లోపల సరస్సులా ఉంటుందని, నీరు పాతాళంలో నదిలా పారుతుందని చాలామంది భావిస్తారు. సున్నపురాతి గుహల వంటి కొన్ని సందర్భాలను మినహాయిస్తే ఇది వాస్తవం కాదు. అవక్షేప ప్రాంతాలలో ఇవి రెండూ ఉండేది ఇసుక రేణువుల మధ్య ఉన్న సన్నని ఖాళీలలోనే.

2. రంధ్రత, పారగమ్యత

శిలలో ఖాళీ స్థలం ఎంత శాతం ఉందో చెప్పేది రంధ్రత. ఆ ఖాళీల గుండా ద్రవం ఎంత సులభంగా కదలగలదో చెప్పేది పారగమ్యత. ఈ రెండూ ఒకటి కావు. ఒకే పరిమాణం గల గోళీలను ఒకదానిపై ఒకటి నిలువుగా పేర్చితే సుమారు 48 శాతం ఖాళీ మిగులుతుంది. పై వరుసను కింది వరుస సందులలో కుదిరేలా పేర్చితే అది 26 శాతానికి తగ్గుతుంది. గోళీలు పెద్దవైనా చిన్నవైనా ఈ శాతాలు మారవు. పారగమ్యత మాత్రం రేణువు వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది. వ్యాసం సగమైతే పారగమ్యత నాలుగో వంతుకు పడిపోతుంది.

ఇసుక రేణువు వ్యాసం 2 నుంచి 0.06 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. బంకమన్ను రేణువు 0.004 మిల్లీమీటరు కన్నా చిన్నది. కొత్తగా పేరుకున్న బంకమన్నులో సగానికి మించి నీరే ఉండవచ్చు. అయినా అందులో బోరు వేస్తే నీరు రాదు. అంతకన్నా తక్కువ నీరున్న ఇసుక ధారాళంగా ఇస్తుంది. అంటే నిల్వ ఉండడం వేరు, ఇవ్వగలగడం వేరు.

ఈ ప్రవాహానికి గణితసూత్రాన్ని ఇచ్చినది ఫ్రాన్సులోని దిజోన్ నగరానికి మంచినీటి ఏర్పాటు చేసిన ఇంజనీరు హెన్రీ దార్సీ. ఇసుక గుండా నీరు వడకట్టే ప్రయోగాల ఫలితాలను ఆయన 1856లో ప్రచురించాడు. నేటికీ చమురు పరిశ్రమ పారగమ్యతను కొలిచే ప్రమాణం పేరు ‘దార్సీ’యే. నీటి కోసం కనుగొన్న సూత్రం చమురుకూ సరిపోవడానికి కారణం, రెండింటికీ ఆశ్రయమిచ్చే ఇసుక ఒక్కటే కావడం.

3. ప్రవాహమే జల్లెడ

నీటి వేగం తగ్గే కొద్దీ ముందు బరువైన రేణువులు, తరువాత తేలికైనవి కిందికి దిగుతాయి. అందువల్ల నదీగర్భంలో ముతక ఇసుక, గట్టు దాటిన వరదనీటి అడుగున ఒండ్రు, కదలని నీటిలో బంకమన్ను పేరుకుంటాయి. సముద్రతీరంలో అలలు ఇసుకను మళ్లీ మళ్లీ కడిగి, సన్నని మట్టిని వేరుచేసి, దాదాపు ఒకే పరిమాణం గల రేణువులను దిబ్బలుగా మిగులుస్తాయి. రేణువులన్నీ ఒకే తీరుగా ఉంటే ఖాళీలు నిలుస్తాయి. పెద్ద రేణువుల సందుల్లో చిన్నవి చేరితే ఖాళీలు మూసుకుపోతాయి.

నది పాయ మారినప్పుడు, సముద్రమట్టం పెరిగి తగ్గినప్పుడు ఇసుక పడిన చోట బురద, బురద పడిన చోట ఇసుక పడుతుంది. లక్షల ఏళ్లపాటు ఇలా సాగితే ఇసుక, బంకమన్ను పొరలు ఒకదానిపై ఒకటి ఏర్పడతాయి. చమురు నిల్వకైనా నీటి నిల్వకైనా ఈ పొరల వరుసే పునాది.

4. కృష్ణా-గోదావరి ద్రోణిలో చమురు, వాయువు

క్రెటేషియస్ యుగారంభంలో భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోతున్న కాలంలో తూర్పు తీరపు అంచు చీలి, ఈశాన్య-నైరుతి దిశలో ఎత్తులు, పల్లాలు ఏర్పడ్డాయి. అంతకు ముందే అక్కడ గోండ్వానా కాలపు బొగ్గు, ఇసుక పొరలున్నాయి. వాటిపైన నదులు, సముద్రం కలిసి వేసిన అవక్షేపాల మందం పలుచోట్ల 5 కిలోమీటర్లకు మించింది.

చమురు నిల్వకు మూడు పొరలు కావాలి. మొదటిది జీవపదార్థం ఆక్సిజన్ అందని బురదలో పూడిపోయిన మాతృశిల. పైబరువు పెరిగి, ఉష్ణోగ్రత సుమారు 60 నుంచి 120 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు అందులోని జీవపదార్థం చమురుగా మారుతుంది. వేడి ఇంకా పెరిగితే ప్రధానంగా వాయువు వెలువడుతుంది. రెండవది ఆ ద్రవానికి చోటిచ్చే నిల్వ శిల. మూడవది దానిని పైకి పోనీయని మూత శిల. ఈ ద్రోణిలో క్రెటేషియస్ కాలపు రాఘవాపురం షేల్ ముఖ్యమైన మాతృశిల. మండపేట ఇసుకరాయిలోని వాయువుకు దాని కింద ఉన్న కొమ్ముగూడెం బొగ్గు-షేల్ పొరలు ఆధారం. బురద నుంచి పుట్టిన షేల్ ఒకచోట జనకస్థానమై, మరొకచోట మూతగా పనిచేస్తుంది. ఇసుక ఈ రెండింటి నడుమ గిడ్డంగి అవుతుంది.

ఇసుక వయసు, లోతు మారితే నిల్వ స్వభావం కూడా మారుతుంది. పెర్మియన్-ట్రయాసిక్ కాలపు మండపేట ఇసుకరాయి కోట్ల ఏళ్ల బరువుకు దట్టబడింది. రేణువుల మధ్య ఖనిజాలు సిమెంటులా పేరుకున్నాయి. అందువల్ల అందులోని వాయువు సులభంగా కదలదు. దీనికి భిన్నంగా, సముద్రతీరానికి సమీపంలో 1987లో కనుగొన్న రవ్వ క్షేత్రపు చమురు మయోసీన్ కాలపు ఇసుకలలో ఉంది. ఇంకా లోతైన సముద్రంలో, 2002లో కనుగొన్న డీ6 బ్లాకు వాయువు ప్లియోసీన్-ప్లీస్టోసీన్ కాలాల ఇసుకలలో చిక్కుకుంది. ఈ ఇసుకలను బురద ప్రవాహాలు ఖండపు అంచు వాలు మీదుగా కిందికి మోసుకుపోయి, సముద్రగర్భపు కాలువలలో నింపాయి.

ఇవి పూర్తిగా గట్టిపడని వదులు ఇసుకలు. వాయువును ధారాళంగా ఇవ్వగల ఆ గుణమే వాటి బలహీనత కూడా. డీ6లోని ప్రధాన క్షేత్రాలలో 2009 ఏప్రిల్‌లో మొదలైన ఉత్పత్తి, మరుసటి ఏడాది గరిష్ఠస్థాయిని చేరిన తరువాత అంచనాలకు మించిన వేగంతో క్షీణించింది. బావులలోకి నీరు, ఇసుక చొరబడ్డాయి. 2020 ఫిబ్రవరిలో ఆ క్షేత్రాల ఉత్పత్తి నిలిచిపోయింది. నిల్వ అంచనా అంటే వాయువు పరిమాణాన్ని లెక్కించడం మాత్రమే కాదు. ఇసుక పొరలు ఒకదానితో ఒకటి ఎంతవరకు కలిసి ఉన్నాయో, వాయువు వెళ్లాక ఎలా ప్రవర్తిస్తాయో కూడా తెలుసుకోవలసి ఉంటుంది.

5. నీటికీ అదే సూత్రం

ద్రోణి పశ్చిమపు అంచున ఈ పొరలు పైకి తేలి నేల మీద కనిపిస్తాయి. ద్వారకా తిరుమల పరిసరాలలో తిరుపతి ఇసుకరాయి, గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరం ఇసుకరాయి ఇలా బయటపడినవే. మెట్ట ప్రాంతపు లోతైన బోర్లకు నీరిచ్చేవి ఇవే. వాన నీరు ఇక్కడ ఇంకి, పొరల వాలును అనుసరించి సముద్రం వైపు మెల్లగా సాగుతుంది. తూర్పుకు పోయే కొద్దీ పొరలు లోతుకు దిగుతాయి, నీటిలో ఉప్పు పెరుగుతుంది.

డెల్టాలో పరిస్థితి వేరు. నేల కింది బంకమన్ను సముద్రం ఉన్న కాలంలో పేరుకున్నది కనుక అందులోని నీరు చాలాచోట్ల ఉప్పన. తియ్యని నీరు దొరికేది పాత నదీపాయల ఇసుకలోను, ఒకప్పటి తీరాన్ని సూచించే ఇసుక దిబ్బలలోను. ఈ దిబ్బల కింద వాననీరు ఉప్పునీటిపై తేలుతూ ఉంటుంది. ఉప్పునీటి సాంద్రత మంచినీటి కన్నా సుమారు 2.5 శాతం మాత్రమే ఎక్కువ. కనుక మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక మీటరు పైన ఉంటే, కింద సుమారు 40 మీటర్ల వరకు మంచినీరు నిలుస్తుంది. దీనినే ఖైబెన్-హెర్జ్‌బెర్గ్ నియమం అంటారు. దీని మరో ముఖం ఆందోళనకరమైనది. పైన ఒక మీటరు నీరు తోడితే కాలక్రమంలో కింద 40 మీటర్ల మేర ఉప్పునీరు పైకి జరుగుతుంది.

6. ఖాళీ అయిన పొరలు

నేల పొరపై పడే బరువులో కొంత రేణువులు మోస్తాయి, కొంత ఖాళీలలోని ద్రవం మోస్తుంది. ద్రవాన్ని తోడితే ఆ భారమంతా రేణువులపై పడుతుంది. ఇసుక కొంతవరకు తట్టుకుంటుంది. బంకమన్ను నలిగిపోతుంది, తిరిగి నీరిచ్చినా పూర్వస్థితికి రాదు. ఈ రెండు రకాల నిల్వలకూ స్పష్టమైన నిదర్శనాలు అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉన్నాయి. చమురు తోడినందువల్ల విల్మింగ్టన్ క్షేత్రం వద్ద నేల సుమారు 9 మీటర్లు కుంగింది. శాన్ వాకిన్ లోయలో సాగుకు నీరు తోడినందువల్ల 1925-1977 మధ్య ఒకచోట సుమారు 8.5 మీటర్లు కుంగింది. నీటిని తిరిగి ఎక్కించి విల్మింగ్టన్‌లో కుంగుదలను ఆపగలిగారు. నలిగిపోయిన బంకమన్నులో పోయిన నిల్వస్థలాన్ని మాత్రం తిరిగి పొందడం సాధ్యం కాదు.

7. ఒండ్రు పూడికగా మారినప్పుడు

డెల్టా తన బరువుకు తానే సహజంగా కుంగుతూ ఉంటుంది. ఏటా వచ్చే కొత్త ఒండ్రు ఆ లోటును భర్తీ చేయాలి. ఆ ఒండ్రులో పెద్ద భాగం ఇప్పుడు ఎగువనే ఆగుతోంది. శ్రీశైలం జలాశయపు తొలి సామర్థ్యం సుమారు 308 టీఎంసీలు. నేడు లెక్కలోకి తీసుకునేది 215.8. నాగార్జునసాగర్‌కు ఇవే అంకెలు 408, 312. రెండింటా కలిపి సుమారు 188 టీఎంసీల నిల్వస్థలం తగ్గింది. ఆ స్థలాన్ని ఆక్రమించిన బురదలోనూ నీరుంటుంది. కానీ బంకమన్ను స్వభావం వల్ల అది కాలువకు రాదు.

ఈ నష్టం రెండు వైపులా ఉంటుంది. ఎగువ జలాశయం తన లోతును కోల్పోతుంది. దిగువ డెల్టా తనను నిలబెట్టే మట్టిని కోల్పోతుంది. రెండు డెల్టాల సముద్రపు అంచున పలుచోట్ల తీరం వెనక్కి జరుగుతున్నట్లు ఉపగ్రహ చిత్రాలు చూపుతున్నాయి. తీరం వెనక్కి జరిగి ఇసుక దిబ్బ కోసుకుపోతే, దాని కింది మంచినీటి నిల్వ కూడా కుంచించుకుపోతుంది.

8. ముగింపు

చమురు, నీరు వేర్వేరు శాఖల పరిధిలోని విషయాలైనా వాటి గిడ్డంగిని కట్టినది ఒకే నదుల అవక్షేపం. ఇసుక చోటిస్తుంది, బంకమన్ను మూత వేస్తుంది, కాలం, బరువు కలిసి ఆ చోటును క్రమంగా తగ్గిస్తాయి. చమురు, వాయువు నిల్వ తోడిన తరువాత మానవ కాలమానంలో మళ్లీ నిండదు. నీటి నిల్వ నిండుతుంది, కాని ఇసుక పొర చెక్కుచెదరకుండా ఉన్నంతవరకే. కాబట్టి తోడే నీటి పరిమాణంతో పాటు డెల్టాకు చేరే ఇసుక, ఒండ్రుల పరిమాణాన్ని కూడా జలవనరుల లెక్కలలో చేర్చవలసిన అవసరం ఉంది. నదీగర్భం నుంచి ఇసుకను తరలించడం, జలాశయాల పూడికను అలాగే వదిలివేయడం అనే రెండు సమస్యలూ ఈ ఒక్క లెక్కలోకే వస్తాయి.