జాకెట్ తేలుస్తుంది, పడవను ఆపదు

లైఫ్ జాకెట్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది పాపికొండల లాంచీలో ఇచ్చే నారింజరంగు జాకెట్. ఒడ్డు కనిపిస్తూ, చుట్టూ మనుషులున్న గోదావరిలో అది ప్రాణం నిలబెడుతుంది. (బిగించి కట్టుకోకుండా భుజాన వేసుకుని సెల్ఫీలు దిగేవాళ్లతో నాకు పేచీ ఉంది కానీ, అది వేరే సంగతి.) తీరానికి వందల మైళ్ల అవతల, తెరచాప పడవలో ఒక్కరే ఉన్నప్పుడు ఈ లెక్క మారిపోతుంది.

అపోహ: జాకెట్ ఉంటే నీళ్లలో పడ్డా ఫర్వాలేదు.

మనిషి తేలతాడు, నిజమే. మరి పడవ? ఒంటరి నావికుడు నిద్రపోవాలన్నా, అన్నం వండుకోవాలన్నా చుక్కానిని ఆటోపైలట్‌కు అప్పగించాల్సిందే. మనిషి పడిపోయాడని దానికి తెలియదు, తన దారిన తాను పోతుంది. గంటకు 6 నాటికల్ మైళ్ల వేగమంటే సెకనుకు 3 మీటర్లు. నిమిషం తిరిగేసరికి పడవ 185 మీటర్ల దూరంలో ఉంటుంది. అలల్లేని కొలనులో, 50 మీటర్ల పందెంలో ఒలింపిక్ వీరులు ఈదేదే సెకనుకు 2.4 మీటర్లు. తోడున్న పడవ సంగతి వేరు. 2017-18లో ‘తారిణి’ మీద ప్రపంచాన్ని చుట్టిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో విశాఖ నుంచి స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య ఉన్నారు. ఆ పడవలో ఒకరు పడితే వెనక్కి తిప్పడానికి ఐదుగురు ఉంటారు. 2012-13లో ‘మాదేయి’ మీద ఒక్కడే ఎక్కడా ఆగకుండా చుట్టి వచ్చిన అభిలాష్ టామీకి ఆ ఆసరా లేదు.

పడవ వెనక పొడవాటి తాడు వదిలితే పట్టుకుని ఎక్కేయొచ్చనే మాట కూడా వినిపిస్తుంది. ఆ వేగంలో, తడిసి బరువెక్కిన బట్టలతో, నీటికి ఎదురుగా తాడు మీద పాకడం దాదాపు అసాధ్యం. ఒంటరిగా వెళ్లేవాళ్లకు జాకెట్ రెండో రక్షణే. మొదటిది అసలు పడకుండా చూసుకోవడం: ఒంటికి హార్నెస్, దానికి టెథర్ అనే పట్టీ, ఆ పట్టీ కొక్కెం తగిలించడానికి డెక్ పొడవునా బిగించి కట్టిన జాక్‌లైన్.

అపోహ: టెథర్ తగిలించుకుంటే ఇక భయం లేదు.

అది ఎంత పొడవు, ఎక్కడ తగిలించారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2011 జూన్‌లో ఇంగ్లండ్ దక్షిణ తీరానికి దూరంగా ‘లయన్’ అనే పడవ నుంచి ఒకాయన నీళ్లలో పడ్డారు. టెథర్ ఉంది, జాకెట్ ఉంది. పడవ పక్కనే ఈడ్చుకుపోతూ, తోటివాళ్లు పైకి లాగేలోపే మునిగి చనిపోయారు. 2017 నవంబరులో, క్లిప్పర్ రేసులో, ఒక నావికుడి టెథర్ కొక్కెం డెక్ మీద తాళ్లు కట్టే క్లీట్ కింద ఇరుక్కుంది. నిలువు లాగుడుకు గట్టిగా నిలిచే కొక్కెం పక్కనుంచి పడ్డ బరువుకు వంగి విడిపోయింది. ఆయనా దక్కలేదు. ఒంటరివాళ్లకు నేర్పవలసింది ఇదే: జాక్‌లైన్ పడవ అంచున కాకుండా వీలైనంత మధ్యలో ఉండాలి. టెథర్ పొట్టిది, మీటరుకు అటూ ఇటూగా ఉండాలి. తూలితే డెక్ మీదే పడాలి, అంచు దాటకూడదు. కొక్కెం ఇరుక్కోగల చోట్లేమిటో రేవులో ఉండగానే వేలుపెట్టి చూసుకోవాలి.

అపోహ: పాతకాపులకు ఇవన్నీ అక్కర్లేదు.

అట్లాంటిక్ ఒంటరి పందేన్ని 1964లో, 1976లో గెలిచిన ఫ్రెంచి నావికుడు ఎరిక్ తబార్లీని మించిన పాతకాపు ఎవరు? 1998 జూన్‌లో ఓ రాత్రి, ఐరిష్ సముద్రంలో, తన ‘పెన్ డుయిక్’ తెరచాప మారుస్తుండగా కొయ్య తగిలి నీళ్లలో పడ్డాడు. హార్నెస్సూ లేదు, జాకెట్టూ లేదు. పడవలో మరో నలుగురున్నా దొరకలేదు.

అపోహ: ఆటోమేటిక్ జాకెట్ కదా, అదే చూసుకుంటుంది.

నీళ్లు తగలగానే ఉబ్బేది లోపలి గ్యాస్ సిలిండర్ వల్ల. ఆ సిలిండర్ మరలు వదులైతే జాకెట్ ఉబ్బదు. చేత్తో బిగించి చూడాలి. ఉండాల్సిన బరువు దాని మీదే చెక్కి ఉంటుంది, వంటింటి త్రాసు మీద పెట్టి సరిచూసుకోవచ్చు. నోటితో గాలి నింపి రాత్రంతా వదిలేస్తే చిల్లులుంటే తెల్లారేసరికి తెలుస్తుంది. తొడల మధ్యనుంచి వచ్చే పట్టీని మాత్రం చాలామంది చిరాకుపడి విప్పేస్తారు. అది లేకపోతే ఉబ్బిన జాకెట్ పైకి జారుతుంది, మొహం నీళ్లలోకి దిగుతుంది. 50 న్యూటన్ల తేలుడు బలమున్న జాకెట్ ఒడ్డు దగ్గర ఈతగాళ్లకు. నడిసముద్రానికి 150 అయినా ఉండాలి, దళసరి బట్టలు వేసుకునేవాళ్లకు 275.

అపోహ: పడవ దెబ్బతింటే వెంటనే లైఫ్ రాఫ్ట్‌లోకి దూకాలి.

1979 ఫాస్ట్‌నెట్ రేసు తుపానులో సిబ్బంది వదిలేసిన పడవలు 24. వాటిలో మునిగినవి ఐదే.

అపోహ: ఆపద సంకేతం పంపే బీకన్ నొక్కితే చాలు, ఎవరో ఒకరు వచ్చేస్తారు.

సంకేతం ఉపగ్రహాలకు త్వరగానే చేరుతుంది, మనుషులు చేరడానికే టైము పడుతుంది. 2018 సెప్టెంబరు 21న హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలో, పెర్త్‌కు దాదాపు 1,900 నాటికల్ మైళ్ల దూరంలో, టామీ పడవ ‘తురియా’ తెరచాప స్తంభాలు విరిగాయి, ఆయన వెన్నెముక దెబ్బతింది. ఫ్రెంచి నౌక ‘ఒసిరిస్’ చేరింది 24న. ఆ మూడు రోజులూ ఆయన పడవలోనే ఉన్నాడు. అక్కడి చలి నీళ్లలో ఏ జాకెట్టూ మనిషిని అన్నాళ్లు బతికించలేదు. మన దేశపు బీకన్లను బెంగళూరులోని మిషన్ కంట్రోల్ సెంటర్‌లో నమోదు చేయించాలి. అందులో రాసే ఇంటి ఫోన్ నంబరును తేలిగ్గా తీసుకోవద్దు. సంకేతం రాగానే అది నిజమో పొరపాటో తేల్చుకోవడానికి ఫోన్ చేసేది దానికే. ఎత్తే మనిషికి పడవ రంగు, బయల్దేరిన రేవు, వెళ్లే దారి తెలిసి ఉండాలి.