టీవీ చోటు మారితే కేబుల్ వైరు ఎలా?

సైనిక్‌పురి సైన్యంలో పనిచేసిన వారి కోసం ఏర్పడిన కాలనీ. దీనికి దగ్గర్లోనే ఇ.సి.ఐ.ఎల్. ఉంది. అది 1967లో మొదలైన ప్రభుత్వ సంస్థ. ఒకప్పుడు అక్కడ టీవీలు కూడా తయారుచేశారు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల పెద్ద ఇళ్ళలోనూ టీవీ ఉంది, బస్తీ గదుల్లోనూ టీవీ ఉంది.

మనం ఇల్లు మారుతాం. గది మారుతాం. మంచం అటు జరిపి, టీవీ ఇటు పెడతాం. అప్పుడు కేబుల్ వైరు చాలదు. కేబుల్ అతనికి ఫోను చేస్తే "రేపొస్తా" అంటాడు. ఆ రేపు తొందరగా రాదు.

అక్కలారా, అన్నలారా! ఇంటి లోపలి వైరు పని మనమే చేసుకోవచ్చు. స్తంభం దగ్గర పని మాత్రం మనం చేయకూడదు. ఎందుకో తెలుసుకుందాం.

కేబుల్ వైరు లోపల ఏముంది?

పాత కేబుల్ ముక్క ఒకటి తీసుకుని కోసి చూడండి. ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉంటుంది.

నట్ట నడుమ ఒక తీగ ఉంటుంది. ఇది రాగి రంగులో మెరుస్తుంది. దాని చుట్టూ తెల్లటి మందపు పొర ఉంటుంది. ఆ పైన వెండి రంగు రేకు, సన్నని తీగల జల్లెడ ఉంటాయి. అన్నిటికన్నా పైన నల్లటిదో తెల్లటిదో ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది.

బొమ్మను, మాటను తెచ్చే సిగ్నల్‌కు నడుమ తీగా కావాలి, జల్లెడా కావాలి. జల్లెడ ఇంకో పని కూడా చేస్తుంది. బయటి అలలు లోపలికి రాకుండా గోడలా అడ్డుకుంటుంది. జల్లెడలోని ఒక్క వెంట్రుక తీగ నడుమ తీగకు తగిలినా బొమ్మ పోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం పని వచ్చినట్టే.

వైరు మీద అక్షరాలు, అంకెలు అచ్చు వేసి ఉంటాయి. కూడబలుక్కుని చదవండి. ఇంట్లో వాడే మంచి కేబుల్ మీద 'ఆర్.జి. 6' అని, 75 అనే అంకె ఉంటాయి. కొత్త ముక్క కొనేటప్పుడు కూడా అవే చూసి కొనండి.

ముందు కొలవండి

పాత చోటు నుండి కొత్త చోటుకు గోడ వెంట కొలవండి. గాలిలో అడ్డంగా కొలవకండి. గోడ పైకి 2 మీటర్లు, పక్కకు 4 మీటర్లు, కిందికి 2 మీటర్లు అనుకుందాం. మొత్తం 8 మీటర్లు. చివర్లు కోయడానికి, వంపులకు 1 మీటరు కలపండి. 9 మీటర్లు కొనాలి.

వైరు, రెండు మరల పిన్నులు, గోడకు కొట్టే క్లిప్పులు, చిన్న కత్తి, టెస్టరు సిద్ధం చేసుకోండి. అద్దె ఇల్లయితే మేకు కొట్టే ముందు ఓనరును అడగండి.

పని ఇలా చేయండి

1. టీవీ, సెట్‌టాప్ బాక్సు రెండింటి ప్లగ్గులు పీకేయండి. డిష్ ఉన్న ఇంట్లో బాక్సు నుండే వైరు గుండా డిష్‌కు కొద్దిగా కరెంటు వెళుతుంది. అందుకే బాక్సు ఆపకుండా పిన్ను తీయకూడదు.

2. బయటి నుండి వచ్చే వైరు పిన్నుకు టెస్టరు ఆనించి చూడండి. మామూలుగా సిగ్నల్ షాకు కొట్టదు. కానీ ఆ వైరు ఎక్కడో కరెంటు తీగకు తగిలి ఉండొచ్చు. టెస్టరు వెలిగితే ముట్టుకోకండి. అక్కడితో పని ఆపి కేబుల్ అతన్ని పిలవండి.

3. వైరు చివర అరంగుళం మేర పై తొడుగు మాత్రమే కోసి తీయండి. జల్లెడ తెగకూడదు.

4. జల్లెడ తీగలను వెనక్కి, తొడుగు మీదికి మడవండి.

5. రేకును, తెల్లటి పొరను పావు అంగుళం మేర తీయండి. నడుమ తీగ బయటపడుతుంది. దానికి గాటు పడనివ్వకండి. గాటు పడితే విరుగుతుంది.

6. పిన్నును మర బిగించినట్టు కుడివైపు తిప్పుతూ ఎక్కించండి. నడుమ తీగ పిన్ను అంచు దాటి కొంచెమే బయటికి కనిపించాలి. జల్లెడ తీగ ఒక్కటి కూడా దానికి తగలకుండా చూడండి.

7. పిన్నును బాక్సుకు చేత్తోనే బిగించండి. తర్వాత ప్లగ్గులు పెట్టి చూడండి.

రెండు ముక్కలు కలపాలంటే తీగలు మెలిపెట్టి టేపు చుట్టకండి. బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తుంది. రెండు చివర్లకూ పిన్నులు వేసి, మధ్యలో జాయింటు పెట్టండి.

వైరు ఎలా పోవాలి?

మూల దగ్గర వైరును మడత పెట్టకండి. గుండ్రంగా తిప్పండి. మడత పడితే లోపలి తెల్ల పొర నలుగుతుంది. తలుపు కింద నలిగేలా వేయకండి. మేకు వైరులోకి దిగకూడదు. కరెంటు వైరుకు జానెడు దూరంగా నడపండి.

బయటి నుండి కంత గుండా వచ్చే చోట, కంత కన్నా కిందికి వైరు వేలాడేలా ఒక వంపు ఇవ్వండి. వాన నీళ్ళు ఆ వంపు దగ్గర కారిపోతాయి. ఇంట్లోకి రావు.

ఒకే వైరును రెండు గదులకు పంచితే ఏమవుతుంది? ఒక నల్లా నీళ్ళు ఇద్దరు పంచుకున్నట్టే. ఒక్కొక్కరికి సగం కన్నా కొంచెం తక్కువే వస్తుంది. హైదరాబాదులో 2013 నుండి కేబుల్ టీవీకి సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి అయింది. అందుకని రెండో టీవీకి వేరే బాక్సు కూడా కావాలి.

స్తంభం జోలికి పోకండి

మన వీధుల్లో కరెంటు స్తంభాల మీదే కేబుల్ వైర్లు గుత్తులుగా వేలాడడం చూశాం. పైన 11,000 వోల్టుల తీగ ఉండొచ్చు. కింద కేబుల్. గాలికి, చెట్టు కొమ్మకు రెండూ తగిలితే కేబులే కరెంటు తీగ అవుతుంది.

2025 ఆగస్టు 17 రాత్రి హైదరాబాదు రామంతాపూర్‌లో శ్రీకృష్ణుడి ఊరేగింపు రథానికి కరెంటు తగిలింది. ఐదుగురు చనిపోయారు. వేలాడుతున్న కేబుల్ కరెంటు తీగకు తగలడం వల్లే ఇలా జరిగిందని అప్పుడు వార్తలు వచ్చాయి. ఆ తర్వాత కరెంటు వాళ్ళు నగరంలో స్తంభాల మీది కేబుళ్ళు తీయించడం మొదలుపెట్టారు.

కాబట్టి బయట వైరు తెగి వేలాడుతుంటే కర్రతో కూడా కదపకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. కేబుల్ అతనికి, కరెంటు ఆఫీసుకు చెప్పండి. ఉరుములు, వాన ఉన్నప్పుడు ఇంటి లోపల కూడా ఈ పని పెట్టుకోకండి. ఒక రోజు టీవీ చూడకపోతే నష్టం లేదు. ప్రాణం పోతే తిరిగి రాదు.

చెప్పండి, రాయండి

1. జల్లెడ తీగ నడుమ తీగకు తగిలితే ఏమవుతుంది?
2. మీ ఇంటి కేబుల్ మీద ఏ అంకెలు ఉన్నాయి? చూసి రాయండి.
3. గోడ పైకి 2 మీటర్లు, పక్కకు 5 మీటర్లు, కిందికి 1 మీటరు. మొత్తం ఎంత వైరు కొనాలి?
4. మీ వీధిలో వైర్లు చేతికందేలా వేలాడుతున్నాయా? కరెంటు ఆఫీసుకు నలుగురూ కలిసి ఒక అర్జీ రాయండి. కింద ఎవరి సంతకం వారే పెట్టండి.