నయము కాని బిడ్డకు ఆరోగ్యమా?

కొన్ని సంవత్సరముల క్రితము మా పాస్టరేటులోని ఒక గ్రామములో పదకొండేళ్ల బాలుడు ఎముకల క్యాన్సరుతో మంచమున పడ్డాడు. పట్నపు డాక్టర్లు, "ఇక చేయగలిగినది ఏమీ లేదు, ఇంటికి తీసుకువెళ్లండి" అన్నారు. తల్లిదండ్రులు అప్పులతో, బిడ్డతో బస్సు దిగారు. మేము ప్రతి వారము వెళ్లి ప్రార్థన చేసి, "త్వరలోనే లేచి బడికి పోతావు నాయనా" అని చెప్పి వచ్చేవారము.

ఒక సాయంత్రము తల్లి నీళ్లకు వెళ్లినప్పుడు వాడు మమ్మల్ని అడిగాడు: "అయ్యగారూ, నేను చచ్చిపోతానా?"

"తప్పు నాయనా, అలాంటి మాటలు అనకూడదు" అని మేము మాట మార్చాము. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మరల మమ్మల్ని ఏమీ అడగలేదు. మూడు వారములలో ప్రభువునందు నిద్రించాడు. రాత్రులు నొప్పితో కేకలు వేసేవాడని సమాధి దినమున ఇరుగుపొరుగువారు చెప్పారు.

ఆ ఇంటికి చేయవలసినది మేము చేయలేదు. చేయవలసినది ఒకటి ఉన్నదని కూడా అప్పుడు మాకు తెలియదు. తర్వాత తెలిసికొన్నది మన కుటుంబములకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆరోగ్యము ఇంకా మిగిలే ఉంటుంది

నయము కాని జబ్బుతో ఉన్నవారి బాధను తగ్గించి, వారి కుటుంబమునకు తోడుగా నిలిచే వైద్యమును పాలియేటివ్ కేర్ అంటారు. తెలుగులో ఉపశమన సంరక్షణ అనవచ్చు. పిల్లల విషయములో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో దీనిని వివరించింది. బిడ్డ శరీరమును, మనస్సును, ఆత్మను కలిపి చూచుకోవడము, కుటుంబమును ఆదుకోవడము ఇందులోని పని. ఇది చివరి దినములలో మొదలుపెట్టేది కాదు. జబ్బు తెలిసిన రోజునుండే, అసలు వైద్యము జరుగుతూ ఉండగానే మొదలుకావాలి. క్యాన్సరే కాదు, కండరములు క్షీణించే జబ్బు, పుట్టుకతో వచ్చిన తీవ్రమైన గుండెజబ్బులు, మెదడు దెబ్బతిని మంచానికే పరిమితమైన స్థితి, ఇవన్నీ దీని కిందికి వస్తాయి.

"చనిపోయే బిడ్డకు ఆరోగ్యమేమిటి?" అని మీరు అడగవచ్చు. 1986లో కెనడాలోని అట్టావా నగరములో జరిగిన సమావేశము, ప్రజలు తమ ఆరోగ్యముపై తామే అదుపు సంపాదించుకొని దానిని మెరుగుపరచుకోవడమే ఆరోగ్యాభివృద్ధి అని ప్రకటించింది. ఆస్ట్రేలియాలో పనిచేసిన అలన్ కెలెహియర్ అనే పండితుడు 1999లో ఒక గ్రంథము వ్రాసి, ఈ మాట మరణమునకు దగ్గరలో ఉన్నవారికి కూడా వర్తిస్తుందని చూపాడు. జబ్బు నయము కాకపోవచ్చు గాని ఈ రాత్రి నిద్ర పట్టవచ్చు, నోటిపూత తగ్గవచ్చు, స్నేహితుడు వచ్చి ఆడవచ్చు. ఆ బిడ్డకు అదే ఆరోగ్యము.

నొప్పిని ఓర్చుకొమ్మనవద్దు

నొప్పితో ఉన్న బిడ్డ ప్రతిసారీ ఏడవకపోవచ్చు. ఆట మానివేసి, కదలకుండా, మాట్లాడకుండా పడుకుంటే, "బుద్ధిగా ఉన్నాడు" అనుకొంటాము. అది నొప్పి కావచ్చు. నవ్వే ముఖమునుండి ఏడ్చే ముఖము వరకు వరుసగా బొమ్మలు గీసి, "నీ నొప్పి ఎలా ఉంది?" అని అడిగితే చిన్నపిల్లలు వ్రేలు పెట్టి చూపిస్తారు.

తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మంచి మందు. డాక్టరు చెప్పిన మోతాదులో, నొప్పి వచ్చేవరకు ఆగక వేళకు ఇవ్వాలి. ఇలా వాడితే బిడ్డ మత్తుమందుకు బానిస కాడు, ప్రాణమూ త్వరగా పోదు. మలబద్ధకము వస్తుంది కనుక దానికీ మందు అడిగి తెచ్చుకోవాలి. 1985నాటి మత్తుపదార్థముల చట్టమునకు భయపడి ఎన్నో ఆసుపత్రులు ఈ మందు ఉంచడమే మానుకొన్నాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి దారి సుళువు చేసింది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రిలో పిల్లలకు ఉపశమన సంరక్షణ లభిస్తుంది. "ఇంటికి తీసుకువెళ్లండి" అని ఏ డాక్టరు చెప్పినా, "నొప్పికి ఏమి ఇస్తారు? పాలియేటివ్ కేర్ ఎక్కడ ఉంది?" అని అడగకుండా బయటికి రావద్దు.

ఇంటిలో తల్లి చేయగలిగినవీ ఉన్నాయి. తడి మెత్తని గుడ్డతో నోరు తుడవడము, పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పడము, ఇష్టమైనది కొంచెము కొంచెముగా పెట్టడము. చివరి దినములలో తినలేని బిడ్డకు బలవంతముగా ముద్ద పెట్టవద్దు.

బిడ్డ అడిగే ప్రశ్న

పెద్దలు దాచితే పిల్లలకు తెలియదనుకోవడము పొరపాటు. అమెరికాలో రక్తపు క్యాన్సరు వార్డులోని పిల్లలతో గడిపిన మైరా బ్లూబాండ్-లాంగ్నర్ 1978లో వ్రాసిన పుస్తకము ఈ సంగతి బయటపెట్టింది. ఎవరూ చెప్పకపోయినా ఆ పిల్లలకు తాము చనిపోతున్నామని తెలుసు. పెద్దలు బాధపడతారని తెలియనట్టు నటించారు. మా బాలుడు గోడవైపు ఎందుకు తిరిగాడో మాకు అది చదివినప్పుడు అర్థమైంది.

స్వీడన్ దేశములో క్యాన్సరుతో బిడ్డను పోగొట్టుకొన్న 429 మంది తల్లిదండ్రులను ప్రశ్నించి 2004లో ఒక పరిశీలన ప్రచురించారు. బిడ్డతో మరణమును గూర్చి మాట్లాడిన 147 మందిలో ఒక్కరు కూడా అందుకు విచారపడలేదు. మాట్లాడని 258 మందిలో 69 మంది మాట్లాడి ఉండవలసినదని బాధపడ్డారు.

అంటే బిడ్డను కూర్చోబెట్టి అన్నీ చెప్పమని కాదు. అడిగినప్పుడు పారిపోవద్దు. "నీకు ఎందుకలా అనిపించింది నాయనా?" అని అడిగి వినండి. వాడి భయము చావును గూర్చి కాకపోవచ్చు. "అమ్మ ఏడుస్తుంది" అనో, "నన్ను ఒంటరిగా వదిలేస్తారా?" అనో కావచ్చు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా వారి వయస్సుకు తగినట్టు చెప్పండి. "నేను కొట్టినందుకే తమ్ముడికి జబ్బు వచ్చింది" అని లోలోపల కుమిలే పిల్లలున్నారు.

సంఘము చేయగలిగినది

1993లో కోజికోడ్‌లో మొదలైన చిన్న ప్రయత్నము కేరళలో ఊరూరా వ్యాపించింది. డాక్టర్లు, నర్సులు మాత్రమే కాదు, తర్ఫీదు పొందిన ఇరుగుపొరుగువారే రోగుల ఇళ్లకు వెళ్తారు, చందాలు పోగుచేస్తారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వము దీనిని తన విధానముగా చేసుకొన్నది.

మన స్త్రీల సమాజములకు, యౌవనస్థుల కూటములకు ఇది సాధ్యము కాదా? మందులకు పట్నము వెళ్లిరావడము, ఒక రాత్రి తల్లి నిద్రపోయేలా బిడ్డ దగ్గర కూర్చోవడము, మిగిలిన పిల్లలకు అన్నము పెట్టి బడికి పంపడము, సండేస్కూలు పిల్లలను ఆడుకోవడానికి తీసుకువెళ్లడము, వీటికి డాక్టరు చదువు అక్కరలేదు. "మీ విశ్వాసము చాలలేదు", "ఏ పాపమో" అన్న మాటలు మాత్రము ఆ గడపలో అనవద్దు. ప్రార్థన చేయండి గాని మందు ఆపమనవద్దు. ఆదరణ కూటము అయిన తర్వాతనే ఆ ఇల్లు నిజముగా ఖాళీ అవుతుంది. ఆ తర్వాత కూడా వెళ్లండి.

ఆ బాలుని తల్లి ఇప్పటికీ ప్రతి ఆదివారము మందిరములో కూర్చుంటుంది. ఈ మధ్య మేము ఆమెతో, "అమ్మా, ఆ రోజు వాడు మమ్మల్ని ఒక మాట అడిగాడు, జవాబు చెప్పలేకపోయాము" అని ఒప్పుకొన్నాము. ఆమె చాలసేపు ఊరకుండి, "నన్నూ అడిగాడయ్యగారూ" అన్నది.

ఇకమీదట మన సంఘములలో ఏ బిడ్డా ఆ ప్రశ్నతో గోడవైపు తిరగకుండును గాక.