వినియోగదారుల విశ్వాస సూచీ: 48.5 అంటే ఏమిటి?

ప్రజలు తమ ఆర్థిక భద్రతను ఎట్లు అంచనా వేసుకుంటున్నారో తెలుసుకొనుటకు భారతీయ రిజర్వు బ్యాంకు హైదరాబాదు సహా ప్రధాన నగరాలలో రెండు నెలలకొకసారి వినియోగదారుల విశ్వాస సర్వే నిర్వహిస్తున్నది. సాధారణ ఆర్థిక స్థితి, ఉపాధి, ధరలు, ఆదాయం, వ్యయం అను ఐదు అంశాలలో ఏడాది క్రితంకన్నా నేడెట్లున్నదో కుటుంబాలు చెబుతాయి. మెరుగన్నవారి శాతం నుండి దిగజారిందన్నవారి శాతాన్ని తీసివేసి, ఐదింటి సగటుకు 100 కలుపగా ప్రస్తుత స్థితి సూచీ వస్తుంది. అది 100కు దిగువనున్నచో నిరాశ అధికమని అర్థం.

కోవిడ్ రెండో ఉధృతిలో, 2021 మే నెలలో, ఈ సూచీ 48.5కు పడిపోయింది. ప్రజల ఆదాయం సగమైందని దీనికి భావం చెప్పరాదు.

ధరల విషయంలోనూ ఇట్టి పొరపాటుకు తావున్నది. ద్రవ్యోల్బణం తగ్గినంత మాత్రాన ధరలు తగ్గవు, పెరుగుదల వేగమే తగ్గుతుంది. గృహిణి చూసేది మాత్రం కిరాణా చీటీనే. ఆమె అసంతృప్తిని అవగాహనలేమిగా కొట్టివేయుట తగదు. నగరవాసుల ఈ అభిప్రాయాన్ని గ్రామీణులకు అన్వయించుటయూ సరికాదు.