కోడి తిన్న మేతే కూరలో రుచి

ఆదివారం మిగిలిన కోడికూరను ఫ్రిజ్‌లో పెట్టి సోమవారం వేడిచేస్తే అదో రకం వాసన వస్తుంది కదూ! "నిన్న ఇంత బాగుంది, ఇవాళేమిటిలా?" అని ఇంట్లోవాళ్లు మొహం చిట్లిస్తారు. తప్పు మీ మసాలాది కాదు. కోడి కొవ్వు మేక కొవ్వులా గట్టిది కాదు. గాలి తగిలితే త్వరగా చెడుతుంది. డబ్బాలో మరిచిపోయిన పల్లీలు ముక్కిపోయినట్లే అనుకోండి.

దీనికి విరుగుడు మీ వంటింట్లో కాదు, కోళ్ల ఫారంలో మొదలవుతుంది. బ్రాయిలర్ మేతలో మొక్కజొన్న, సోయాచెక్కతోపాటు విటమిన్ ఇ, సెలీనియం కలుపుతారు. కొవ్వు గాలికి చెడకుండా అడ్డుపడే విటమిన్ ఇ వంటి వాటినే యాంటీ ఆక్సిడెంట్లంటారు. విటమిన్ ఇ కోడి కండలోని కణాల పొరల్లో చేరి కూర్చుంటుంది. కోడిని కోశాక కూడా అక్కడే కాపలా ఉంటుంది. ముక్కల్లోంచి నీరు కారడమూ కొంత తగ్గుతుంది. కోసిన మాంసానికి పైన పూస్తే ఇంత గుణం రాదు.

బతికున్న కోడికీ ఇది అవసరమే. విటమిన్ ఇ బాగా లోపిస్తే కోడిపిల్లల మెదడు దెబ్బతిని, తూలి పడిపోతాయి. ఇక మన ఎండాకాలం సంగతి చెప్పాలా! కోడికి చెమట పట్టదు పాపం, నోరు తెరిచి రొప్పడమే. అందుకే వేసవిలో విటమిన్ సి కూడా ఇస్తుంటారు.

"అమ్మో, మందులు పెట్టిన కోడా?" అనకండి. యాంటీబయోటిక్ వేరు, యాంటీ ఆక్సిడెంట్ వేరు. పేర్లే దగ్గర. అలాగని అన్నీ మంచివేనని కాదు. మేత చెడకుండా కలిపే ఎథాక్సీక్విన్ అనే రసాయనం సురక్షితమని తేలనందున, 2017లో యూరోపియన్ యూనియన్ దాని అనుమతిని నిలిపేసింది.

షాపులో కోడిని చూసి అదేం తిన్నదో మనం చెప్పలేం. కనుక కైమా కొట్టిస్తే ఆరోజే వండేయండి. కైమాకు గాలి ఎక్కువ తగులుతుంది. తొడ ముక్కల్లో కొవ్వు, ఇనుము ఎక్కువ. రొమ్ముకన్నా అవే ముందు చెడతాయి. ఫ్రీజర్లో పెట్టేవాటికి ఉప్పు పట్టించకుండా, గాలి చొరకుండా కవరు బిగించండి. మిగిలిన కూరను రెండు గంటల్లోపే మూతపెట్టి ఫ్రిజ్‌లోకి చేర్చండి. ఎంత మంచి మేత తిన్న కోడైనా బయట వదిలేస్తే క్రిములు పట్టకమానవు.